ఎనిమిది కోర్లుంటే ఎనిమిది రెట్లు స్పీడా? నలభై బస్తాలు నేర్పిన కాంకరెన్సీ పాఠం

ఫోన్ డబ్బా మీద ‘ఆక్టా కోర్’ అని కనిపిస్తే చాలు, ఎనిమిది మంది పనివాళ్లు జేబులో ఉన్నట్టే ఫీలవుతాం. మల్టీకోర్ స్కోర్ ఎక్కువుంటే ఆ ఫోన్‌దే పైచేయి అంటాం. మరి అదే ఫోన్‌లో మనం రాసిన ప్రోగ్రామ్ ఎనిమిది రెట్లు వేగంగా ఎందుకు నడవదు? ఒక్కోసారి ఒక్క థ్రెడ్‌తో నడిచినదానికంటే కూడా నెమ్మదిగా ఎందుకు నడుస్తుంది? ఎర్రర్ ఏదీ చూపించకుండానే తప్పు జవాబు ఎందుకిస్తుంది?

ఈ ప్రశ్నలు నాకు ఏ కోర్సులోనో ఎదురవ్వలేదు. 2025 యాసంగిలో, రఘునాథపల్లి మండలంలో, వడ్ల కుప్పల దగ్గర ఎదురయ్యాయి. ఆ కథతోనే మొదలుపెడదాం. మధ్యలో రైలు సిగ్నళ్లు, టోల్‌గేట్, ఒక తెలుగు శాస్త్రవేత్త ప్రయోగశాల కూడా వస్తాయి. చివర్లో మీ ఫోన్‌లోనే చేసి చూసుకునే ప్రయోగం ఉంది.

నలభై బస్తాలు ఎటు పోయాయి?

బస్తాల లెక్క ఫోన్‌లో ఉంటే బాగుంటుందని ఊళ్లో కొందరు అడిగితే చిన్న యాప్ రాసిచ్చాను. కాంటా అయ్యాక బస్తాలు లారీకెక్కుతుంటే ఇద్దరు చెరోవైపు నిలబడి తమ ఫోన్లలో సంఖ్య కొడతారు. అది సర్వర్‌కు వెళ్లి ఆ రైతు పేరు మీదున్న మొత్తానికి కలుస్తుంది. అంతే, ఇంకేం లేదు. ఇంట్లో నేనొక్కడినే టెస్ట్ చేసినప్పుడు ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

ఒకరోజు సాయంత్రం ఓ పెద్దాయన పేరు మీద 160 బస్తాలు చూపించింది. ఆయన నోట్‌బుక్‌లో 200 ఉన్నాయి. “నా నలభై బస్తాలు యాడికి పోయినయి పిలగా?” అంటే నా దగ్గర జవాబు లేదు. బస్తాకు 40 కిలోల చొప్పున అవి 16 క్వింటాళ్లు. 2024-25 సీజన్‌కు ఎ-గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాల్‌కు 2,320 రూపాయలు. అంటే 37,120 రూపాయల లెక్క నా యాప్‌లో మాయమైంది. నోట్‌బుక్ ఉంది కాబట్టి పరువు దక్కింది.

రాత్రి కూర్చుని సర్వర్ లాగ్ చూస్తే విషయం ఇలా ఉంది:

1. అప్పటికి మొత్తం 120.
2. మొదటి ఫోన్ నుంచి 40 వచ్చింది. సర్వర్ పాత మొత్తాన్ని చదివింది: 120.
3. సరిగ్గా అదే సమయంలో రెండో ఫోన్ నుంచి మరో 40 వచ్చింది. దాని కోసం ఇంకో థ్రెడ్ కూడా పాత మొత్తాన్నే చదివింది: 120.
4. మొదటి థ్రెడ్ 120కి 40 కలిపి 160 అని రాసింది.
5. రెండో థ్రెడ్ కూడా 120కి 40 కలిపి, దాని మీదే మళ్లీ 160 అని రాసింది.

ఎవరి పని వాళ్లు తప్పు లేకుండా చేశారు. అయినా ఒకరు చేసింది తుడిచిపెట్టుకుపోయింది. దీన్నే రేస్ కండిషన్ అంటారు. ‘చదువు, కలుపు, రాయి’ అనే మూడు అడుగుల మధ్యలో ఇంకొకరు దూరడమే దీని మూలం. తత్కాల్ టికెట్ల సమయంలో ఆఖరి బెర్త్‌ను ఇద్దరికీ ఇవ్వకుండా చూసుకోవడం కూడా ఇదే తరహా సమస్య. రైల్వే లాంటి చోట దానికి గట్టి ఏర్పాట్లుంటాయి. నా యాప్‌లో అవేవీ లేవు.

ముందు రెండు మాటలు సరిచేసుకుందాం

కాంకరెన్సీ, ప్యారలలిజం ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఒక పొయ్యి మీద అన్నం పెట్టి, అది ఉడికేలోపు రెండో పొయ్యి మీద కూర చూస్తుంది. మనిషి ఒక్కరే, కానీ రెండు పనులూ నడుస్తున్నాయి. ఇది కాంకరెన్సీ. అమ్మ కూర చేస్తుంటే అక్క పక్కనే రొట్టెలు చేస్తోందనుకోండి, ఇద్దరి చేతులూ ఒకే క్షణంలో కదులుతున్నాయి. అది ప్యారలలిజం.

ఈ తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది. మీ ప్రోగ్రామ్ ఎక్కువసేపు నెట్‌వర్క్ కోసమో, డేటాబేస్ కోసమో ఎదురుచూస్తుంటే కావాల్సింది కాంకరెన్సీ. ఒక్క కోర్ మీద కూడా లాభం కనిపిస్తుంది. వీడియో కంప్రెస్ చేయడం, ఫొటోలకు ఫిల్టర్ వేయడం లాంటి లెక్కల పని అయితే కావాల్సింది ప్యారలలిజం. దానికి నిజంగానే ఎక్కువ కోర్లుండాలి.

రైలు పట్టాల మీద నుంచి వచ్చిన తాళం

ఆ వారం బావ హైదరాబాద్ నుంచి వచ్చాడు. అక్కడ ఆయన గో లాంగ్వేజ్‌లో సర్వర్ కోడ్ రాస్తాడు. నేను కాట్లిన్ మనిషిని. కలిస్తే మా ఇద్దరికీ ఇదే పంచాయితీ. రఘునాథపల్లి స్టేషన్‌లో ఆయన్ను దింపుకుని వస్తూ జరిగింది చెప్పాను.

“గో ల రాసుంటే గిట్ల అయ్యేది కాదురా” అన్నాడు వెంటనే.

“బావా, ముందు సమస్య విను, తర్వాత భాష మార్చు” అన్నాను.

ఆయన నవ్వి స్టేషన్ చివరన ఉన్న సిగ్నల్ వైపు చెయ్యి చూపించాడు. రైల్వేలో పట్టాలను సెక్షన్లుగా విడగొడతారు. ఒక బ్లాక్ సెక్షన్‌లో ఒక రైలుంటే, అది బయటికి వెళ్లేదాకా అదే లైన్ మీద వెనక వచ్చే రైలుకు సిగ్నల్ ఇవ్వరు. నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960ల మొదట్లో ప్రోగ్రామ్‌ల కోసం ఇదే పద్ధతిని తెచ్చాడు. పేరు కూడా రైల్వే నుంచే తీసుకున్నాడు: సెమఫోర్. అంటే చెయ్యిలా లేచి దిగే పాతకాలపు సిగ్నల్. థ్రెడ్ లోపలికి వెళ్లేముందు సెమఫోర్‌ను అడగాలి. ఖాళీ లేకపోతే ఆగాలి. పని అయ్యాక ఖాళీ చేశానని చెప్పాలి. మనం రోజూ వాడే మ్యూటెక్స్ లాక్ కూడా ఈ కుటుంబానిదే, అందులో ఒకేసారి ఒక్కరికే చోటు.

సరే, ‘చదువు, కలుపు, రాయి’ మొత్తానికి లాక్ వేశాను. లెక్క సరిపోయింది. కానీ యాప్ నత్తనడక మొదలుపెట్టింది. కారణం చూస్తే నాకే నవ్వొచ్చింది. కాంటా స్లిప్ ఫొటో అప్‌లోడ్ చేసే కోడ్ కూడా లాక్ లోపలే ఉండిపోయింది. ఒకరి ఫొటో ఎక్కేదాకా మిగతా అందరూ గేటు బయట నిలబడ్డారు.

ఇక్కడే మొదటి సూత్రం రాసుకోండి: లాక్ లోపల ఉన్న పని ఎంత చిన్నదైతే అంత మంచిది. నెట్‌వర్క్, ఫైల్ పనులను లాక్ పట్టుకుని ఎప్పుడూ చేయకండి.

టోల్‌గేట్ లెక్క: ఆమ్‌డాల్ సూత్రం

వరంగల్ రూట్‌లో కొమళ్ల టోల్‌గేట్ దాటిన వాళ్లందరికీ తెలుసు. లైన్లు ఎన్నున్నా, అవన్నీ దాటాక మళ్లీ మామూలు రోడ్డులోకే కలవాలి. బూత్‌లు రెట్టింపు చేసినా ఆ రోడ్డు వెడల్పు పెరగదు.

కోడ్‌లోనూ అంతే. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన విషయం ఇది. ప్రోగ్రామ్‌లో కొంత భాగాన్ని అందరికీ పంచవచ్చు, కొంత భాగం మాత్రం ఒక్కరే చేయాలి. ఆ ఒక్కరి పనే మొత్తం వేగానికి హద్దు గీస్తుంది. ఎనిమిది సమానమైన కోర్లున్నాయనుకుని లెక్క వేస్తే:

- పనిలో 50 శాతం పంచగలిగితే వేగం 1.78 రెట్లే.
- 90 శాతం పంచగలిగితే 4.7 రెట్లు.
- 95 శాతం పంచగలిగితే 5.9 రెట్లు.

90 శాతం కేసులో కోర్లను వెయ్యికి పెంచినా పది రెట్లు దాటదు. పైగా ఇది కాగితం మీద లెక్క. లాక్ కోసం ఎదురుచూపులు, థ్రెడ్‌లను మార్చే ఖర్చు ఇందులో లేవు. అవి కూడా కలిస్తే ఇంకా తగ్గుతుంది.

రాజ్ రెడ్డి బృందం ఎదుర్కొన్నదీ ఇదే

ఇది కొత్త తలనొప్పి అనుకోకండి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి 1970లలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్‌కు మాటలు అర్థమయ్యేలా చేసే పరిశోధన నడిపించారు. అక్కడ తయారైన ‘హియర్‌సే-2’ సిస్టమ్‌లో ఒక భాగం శబ్దాలను చూస్తుంది, ఒకటి పదాలను ఊహిస్తుంది, ఇంకొకటి వాక్యం కుదిరిందో లేదో చూస్తుంది. ఇవన్నీ దేనికదే స్వతంత్రం. కానీ తమకు తోచింది రాసేది మాత్రం అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒకే ‘బ్లాక్‌బోర్డ్’ మీద.

వినడానికి బాగుంది కదా? ఎవరి పని వాళ్లు, పక్కపక్కనే. ఇలాంటి సిస్టమ్‌ను ఎక్కువ ప్రాసెసర్ల మీద నడిపితే ఏమవుతుందో రిచర్డ్ ఫెన్నెల్, విక్టర్ లెసర్ సిమ్యులేషన్‌తో పరిశీలించి 1977లో పేపర్ ప్రచురించారు. బ్లాక్‌బోర్డ్ మీద ఒకరు రాసేది ఇంకొకరు చెరపకుండా లాక్‌లు పెట్టాలి. ఆ లాక్‌ల ఖర్చెంత అన్నదే వాళ్ల ముందున్న పెద్ద ప్రశ్నల్లో ఒకటి. నా వడ్ల బస్తాల మొత్తం, వాళ్ల బ్లాక్‌బోర్డ్, రెండూ ఒకటే. పనివాళ్లను పెంచడం తేలిక. అందరూ ఒకే పలక మీద రాయాల్సి రావడంతోనే చిక్కు.

ఫోన్‌లో ఎనిమిది కోర్లు సమానం కాదు

రివ్యూలు చదివే మనకు ఈ భాగం ముఖ్యం. ఆర్మ్ సంస్థ 2011లో ప్రకటించిన బిగ్-లిటిల్ పద్ధతి వల్ల ఫోన్ చిప్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉంటాయి. ఉదాహరణకు స్నాప్‌డ్రాగన్ 695లో రెండు పెద్ద కార్టెక్స్-ఎ78 ఆధారిత కోర్లు, ఆరు చిన్న కార్టెక్స్-ఎ55 ఆధారిత కోర్లు. పనిని సరిగ్గా ఎనిమిది సమాన ముక్కలు చేసి ఇస్తే పెద్ద కోర్లు తొందరగా ముగించి ఖాళీగా కూర్చుంటాయి, చిన్నవి ఇంకా మోస్తూనే ఉంటాయి. అందుకే ముక్కలను చిన్నగా చేసి, ఎవరు ఖాళీ అయితే వాళ్లు తర్వాతి ముక్క తీసుకునేలా క్యూ పెట్టడం మేలు.

2023 నవంబర్‌లో వచ్చిన డైమెన్సిటీ 9300 ఆ చిన్న కోర్లను పూర్తిగా వదిలేసింది. 2024 అక్టోబర్‌లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ 8 ఎలీట్ కూడా అదే బాట. ‘ఆక్టా కోర్’ అన్న ఒక్క మాట వెనక ఇన్ని తేడాలున్నాయి.

బెంచ్‌మార్క్‌లు కూడా ఈ పాఠం నేర్చుకున్నాయి. గీక్‌బెంచ్ 5లో మల్టీకోర్ టెస్ట్ అంటే ఒక్కో కోర్‌కు ఒక్కో వేరే పని. 2023 ఫిబ్రవరిలో వచ్చిన గీక్‌బెంచ్ 6లో కోర్లన్నీ కలిసి ఒకే పనిని పంచుకుంటాయి. మాట్లాడుకోవడం, ఎదురుచూడటం అన్నీ లెక్కలోకి వచ్చాయి. అందుకే కోర్లు ఎక్కువున్నంత మాత్రాన స్కోర్ అదే పోలికలో పెరగదు. గీక్‌బెంచ్ 5, 6 స్కోర్లను పక్కపక్కన పెట్టి పోల్చకండి, రెండూ వేర్వేరు కొలతలు.

మరి ఏ టూల్ మంచిది?

ఇప్పుడు మా బావ, నా పంచాయితీకి వద్దాం.

కాట్లిన్ కొరుటీన్లు: ఆండ్రాయిడ్‌కు నా మొదటి ఎంపిక. 2018 అక్టోబర్‌లో కాట్లిన్ 1.3తో స్టేబుల్ అయ్యాయి. 120 హెర్ట్జ్ స్క్రీన్‌పై ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది దాదాపు 8.3 మిల్లీసెకన్లే. మెయిన్ థ్రెడ్‌ను అంతకంటే ఎక్కువసేపు ఆపితే స్క్రోలింగ్ తడబడుతుంది. టచ్‌కు 5 సెకన్లపాటు స్పందించకపోతే ‘యాప్ స్పందించడం లేదు’ అనే బాక్స్ వస్తుంది. పనిని పక్కకు పంపి, ఫలితం వచ్చాక తిరిగి మెయిన్ థ్రెడ్‌కు రావడం కొరుటీన్లతో తేలిక.

గో: బావ ఎంపిక. 2009లో బయటికొచ్చింది. ఒక్కో గోరుటీన్ సుమారు 2 కిలోబైట్ల స్టాక్‌తో మొదలవుతుంది, కాబట్టి వేలల్లో నడిపినా ఇబ్బంది లేదు. అసలు ఆకర్షణ అందులోని రేస్ డిటెక్టర్. అది ఆన్ చేస్తే ప్రోగ్రామ్ 2 నుంచి 20 రెట్లు నెమ్మదిస్తుంది, మెమరీ 5 నుంచి 10 రెట్లు తింటుంది. అయినా టెస్ట్‌లో తప్పక వాడాలి. ఒక హద్దు గుర్తుంచుకోండి: ఆ పరుగులో నిజంగా నడిచిన దారిలో ఉన్న రేస్‌లనే అది పట్టుకుంటుంది.

జావా: 2023 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 21లో వర్చువల్ థ్రెడ్‌లు స్టేబుల్ అయ్యాయి. మామూలు థ్రెడ్ కోడ్ లాగే రాస్తాం, లక్షల్లో నడపొచ్చు. ఎదురుచూసే పనులకు ఇవి బాగుంటాయి. లెక్కల పనికి వీటివల్ల అదనపు వేగం రాదు.

పైథాన్: జిల్ అనే పెద్ద తాళం వల్ల ఒకేసారి ఒక్క థ్రెడ్ మాత్రమే పైథాన్ కోడ్ నడిపేది. 2024 అక్టోబర్‌లో 3.13తో ఆ తాళం లేని ప్రత్యేక బిల్డ్ ప్రయోగాత్మకంగా వచ్చింది. 2025 అక్టోబర్‌లో 3.14తో దానికి అధికారిక మద్దతు దొరికింది. కానీ మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేది ఇప్పటికీ జిల్ ఉన్నదే.

రస్ట్: రెండు థ్రెడ్‌లు ఒకే మెమరీని అడ్డదిడ్డంగా మార్చే కోడ్‌ను సేఫ్ రస్ట్ కంపైలరే ఆపేస్తుంది. నేర్చుకోవడం కష్టం. కానీ ఆ కష్టంలోనే పాఠముంది.

“చూసినవా, రేస్ డిటెక్టర్ ఉంటే నీ బస్తాలు పోకపోవు” అన్నాడు బావ.

నేను లాగ్ మళ్లీ తెరిచి చూపించాను. మొత్తం ఉన్నది మెమరీలో కాదు, డేటాబేస్‌లో. ఒక థ్రెడ్ డేటాబేస్ నుంచి చదివి, కలిపి, తిరిగి రాస్తోంది. మెమరీలో చూస్తే ఎవరి వేరియబుల్ వాళ్లది, రేస్ లేనే లేదు. గో రేస్ డిటెక్టర్ దీన్ని పట్టుకోలేదు. రస్ట్ కంపైలర్ కూడా ఆపదు. అంతెందుకు, నేను వేసిన లాక్ కూడా సర్వర్ ప్రోగ్రామ్ ఒక్కటే నడుస్తున్నంతకాలమే పనిచేస్తుంది. రేపు రెండో సర్వర్ పెడితే ఆ సర్వర్‌కు ఈ లాక్ కనిపించదు, మళ్లీ బస్తాలు పోతాయి.

బావ కాసేపు మాట్లాడలేదు. “అయితే తాళం ఉండాల్సింది డేటా ఉన్న చోట” అన్నాడు. అప్పుడు ఇద్దరం ఒక మాట మీదికొచ్చాం.

ఎడిటర్ గొడవ కూడా ఇలాంటిదే. విజువల్ స్టూడియో కోడా, ఆండ్రాయిడ్ స్టూడియోనా, విమ్మా? మీ చేతికి ఏది అలవాటైతే అది. ఎడిటర్ రేస్‌ను కనిపెట్టదు. పైగా డీబగ్గర్‌తో ఒక థ్రెడ్‌ను ఆపి చూస్తే టైమింగే మారిపోయి బగ్ మాయమవుతుంది. ఎడిటర్ ఎంపికకు పెట్టే సమయంలో సగం ప్రొఫైలర్ నేర్చుకోవడానికి పెట్టండి. ఆండ్రాయిడ్‌లో పర్‌ఫెటో ట్రేస్ తీస్తే ఏ థ్రెడ్ ఏ కోర్ మీద నడిచింది, ఎక్కడ ఎదురుచూసింది అన్నీ గీతల్లో కనిపిస్తాయి. సి, సి++ వాళ్లకు థ్రెడ్ శానిటైజర్ ఉంది.

మీ ఫోన్‌లోనే ప్రయోగం

ల్యాప్‌టాప్ లేదని ఆగకండి. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసుకుని, అందులో గో ఇన్‌స్టాల్ చేస్తే చాలు. ఒకే పనిని మూడు రకాలుగా రాయండి. పని: కౌంటర్‌ను కోటి సార్లు ఒకటి చొప్పున పెంచడం.

1. లాక్ లేకుండా: గోరుటీన్లన్నీ ఒకే కౌంటర్‌ను పెంచాలి. చివరి సంఖ్య చూడండి. కోటి రాకపోతే అవే మీ పోయిన బస్తాలు.
2. ప్రతి పెంపుకూ లాక్‌తో: జవాబు కరెక్ట్. టైమ్ చూడండి. ఒక్క గోరుటీన్‌తో పట్టిన టైమ్‌తో పోల్చండి.
3. ఎవరి కౌంటర్ వాళ్లకే: ప్రతి గోరుటీన్ తన సొంత లోకల్ వేరియబుల్‌లో లెక్కపెట్టి, చివర్లో ఒక్కసారి కలపాలి.

ప్రతిదాన్నీ 1, 2, 4, 8 గోరుటీన్లతో, ఒక్కోటి ఐదుసార్లు నడిపి మధ్య విలువ రాసుకోండి. ఫోన్ వేడెక్కితే వేగం తగ్గుతుంది కాబట్టి మధ్యలో చల్లారనివ్వండి, చార్జర్ తీసేయండి.

మూడో రకంలో ఒక కిటుకు ఉంది. లోకల్ వేరియబుల్ బదులు ఎనిమిది కౌంటర్లను ఒకే అర్రేలో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కోటి 8 బైట్లు, ఎనిమిదీ కలిపి 64 బైట్లు. ప్రాసెసర్ మెమరీని సాధారణంగా 64 బైట్ల కాష్ లైన్లుగా తెచ్చుకుంటుంది. అంటే ఎవరి కౌంటర్ వాళ్లదే అయినా, అందరూ ఒకే కాష్ లైన్ కోసం కొట్టుకునే అవకాశం ఉంది. దీన్ని ఫాల్స్ షేరింగ్ అంటారు. కోడ్‌లో ఎక్కడా కనిపించదు, టైమ్‌లో కనిపిస్తుంది.

చివరికి బస్తాల యాప్ ఏమైంది?

భాష మార్చలేదు. ‘మొత్తం’ అనే గడినే తీసేశాను. ఇప్పుడు ప్రతి ఫోన్ తన ఎంట్రీని కొత్త వరుసగా జత చేస్తుంది: ఏ ఫోన్, ఎన్ని బస్తాలు, ఏ సమయం. పాత వరుసను ఎవరూ మార్చరు. మొత్తం కావాలంటే వరుసలన్నీ కూడితే సరి. నెట్ పోయి అదే ఎంట్రీ రెండోసారి వచ్చినా రెండుసార్లు లెక్కపడకుండా ప్రతి ఎంట్రీకి ఒక ప్రత్యేక నంబర్ పెట్టాను. ఫొటో అప్‌లోడ్ వేరే దారిలో వెళ్తుంది. నేను వేసిన లాక్‌తో ఇక పనే లేకుండా పోయింది.

ఆలోచిస్తే ఆ పెద్దాయన నోట్‌బుక్ కూడా ఇలాగే ఉంది. లారీ లారీకి ఒక్కో గీత, దేన్నీ కొట్టేయలేదు, మొత్తం చివర్లో. అందుకే అది తప్పలేదు, నాది తప్పింది.

కాబట్టి కాంకరెన్సీ కోడ్ రాసేటప్పుడు ఈ వరుసలో వెళ్లండి: ముందు జవాబు కరెక్టో కాదో చూడండి. తర్వాత కొలవండి. ఎదురుచూపు ఎక్కడుందో వెతకండి. ఉమ్మడిగా ఉన్నదాన్ని వీలైనంత తగ్గించండి. తప్పనిసరైన చోట, డేటా ఉన్న దగ్గరే చిన్న తాళం వేయండి. ఏ భాష, ఏ ఎడిటర్ అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఈసారి కొత్త ఫోన్ కొనేముందు కూడా ఎన్ని కోర్లున్నాయని మాత్రమే అడగకండి. పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని అని కూడా అడగండి.